పచ్చజిట్ట వీపు మీది నలుపు

వానాకాలంలో కొండగట్టు అంజన్న గుడికి వెళ్ళే దారిలో, చెట్ల గుంపుల మధ్య నుంచి ఒక సన్నని ఈల వినిపిస్తుంది. పొడుగ్గా సాగి, చివరి స్వరం దగ్గర చటుక్కున కిందికి జారే ఈల. ఈల వేసిన పిట్ట మాత్రం అంత తేలికగా కంటపడదు. పిచ్చుక కన్నా కాస్త చిన్నది. పొట్ట పసుపు, పైభాగం ఆకుపచ్చ, నల్లటి రెక్కల మీద రెండు తెల్లని పట్టీలు. చింతచెట్టులోనో వేపలోనో నల్లమద్దిలోనో కొమ్మ కొమ్మకూ తిరుగుతూ, ఆకుల అడుగున దాగిన గొంగళిపురుగులను ఏరుకుంటుంది. జత కట్టే కాలంలో మగపిట్ట గాలిలోకి నిట్టనిలువుగా ఎగిరి, నడుము మీది తెల్లని మెత్తటి ఈకలన్నీ ఉబ్బించి, దూదిబంతిలా గుండ్రంగా మారి, సుడులు తిరుగుతూ కొమ్మ మీదికి దిగుతుంది. ఆ కొద్ది క్షణాలూ అది పక్షిలాగే కనిపించదు.

ఇంగ్లీషు పుస్తకాలలో దీని పేరు కామన్ ఐయోరా. శాస్త్రనామం ఈజితినా టిఫియా. ఐయోరాల కుటుంబంలో ఉన్నవి మొత్తం నాలుగే జాతులు. నాలుగూ దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతాలవే. వాటిలో అన్నిటికన్నా విస్తారంగా వ్యాపించినది ఇదే: హిమాలయ పాదాల నుంచి సింహళం దాకా, ఇటు బర్మా మీదుగా జావా, బోర్నియోల దాకా. ఇంత మేర పరచుకున్న పక్షి అంతటా ఒకేలా ఉండదు. పదికి పైగా ఉపజాతులుగా దీన్ని విడదీశారు. మన దేశంలో ఆ విభజన అంతా ప్రధానంగా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: వానాకాలంలో మగపిట్ట వీపు మీద నలుపు ఎంత?

సింహళంలో, దక్షిణాది కొసన, తలా వీపూ నిగనిగలాడే నలుపు. బెంగాలులో, హిమాలయ పాదాలలో, చాలావరకు ఆకుపచ్చ. కొండగట్టు ఈ రెంటికీ నడుమ ఉన్నది. ఉత్తర తెలంగాణ అడవులలోని మగపిట్టకు తల నల్లబడుతుంది, వీపు మీద నలుపూ పచ్చా కలగలిసి ఉంటాయి. ఎంత నలుపు అన్నది ఒక్కొక్క పిట్టలో ఒక్కో తీరు. ఈ కలగలుపును ఏ పెట్టెలో పెట్టాలో తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథే ఇది.

మొదటి చిక్కు పేర్లు పెట్టిన క్రమంలోనే ఉన్నది. పద్ధెనిమిదవ శతాబ్దంలో లండనులో జార్జ్ ఎడ్వర్డ్స్ అనే చిత్రకారుడు దేశదేశాల నుంచి ఓడలలో వచ్చిన ఎండుపక్షుల బొమ్మలు వేసేవాడు. బెంగాలు నుంచి వచ్చిన ఒక ఆకుపచ్చని పిట్టను కూడా ఆయన చిత్రించాడు. స్వీడనులో కూర్చున్న లిన్నేయస్ ఆ బొమ్మను ఆధారం చేసుకుని 1758లో దానికి శాస్త్రనామం ఇచ్చాడు. 1789లో గ్మెలిన్ సింహళపు నల్లవీపు పిట్టకు వేరే పేరు పెట్టాడు. అంటే ఉపఖండపు రెండు కొసలలోని పక్షులకు ముందుగా పేర్లు వచ్చాయి. కలకత్తా ఒక రేవు, కొలంబో మరో రేవు. ఓడ ఆగిన చోట పక్షి దొరికింది. నడుమనున్న దక్కను పీఠభూమి మీద ఏ పిట్ట ఉన్నదో చూసినవాడు లేడు. రెండు కొసలను మాత్రమే చూసినవాడికి అవి రెండు వేర్వేరు జాతులుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

నడుమ భాగాన్ని కాలినడకన చూసిన తొలివారిలో ముఖ్యుడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. 1836లో మద్రాసుకు వచ్చిన కంపెనీ డాక్టరు. ద్వీపకల్పపు పక్షుల పట్టికను 1839-40లలో మద్రాసు నుంచి వెలువడే పత్రికలో భాగాలుగా ప్రకటించాడు. తరువాత నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడి యానాదుల దగ్గర జంతువుల గురించీ పక్షుల గురించీ ఎంతో తెలుసుకున్నాడు. 1862 నుంచి 1864 దాకా వచ్చిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ చాలాకాలం మన దేశపు పక్షులకు ఏకైక సమగ్ర గ్రంథంగా నిలిచింది. అందులో ఆయన నల్లవీపు ఐయోరాను ఒక జాతిగా, ఆకుపచ్చవీపు ఐయోరాను మరో జాతిగా చూపించాడు.

శాస్త్రం సంగతి అటుంచి, తెలుగువారికి జెర్డన్ చేసిన మేలు మరొకటి ఉన్నది. పక్షి పక్షికీ స్థానికుల నోట విన్న పేరు రాశాడు. ఐయోరాకు ఆయన ఇంగ్లీషు లిపిలో రాసుకున్న తెలుగు పేరు చదివితే ‘పట్సు జిట్ట’ అని పలుకుతుంది. అది పచ్చజిట్టే అని నా నిశ్చయం. తెలుగులో పచ్చ అన్న ఒక్క మాటే ఆకు రంగుకూ, పసుపు రంగుకూ చెల్లుతుంది. పచ్చని చేను అన్నా పచ్చని మేని ఛాయ అన్నా మనకు ఇబ్బంది లేదు. పైన ఆకుపచ్చ, కింద పసుపుపచ్చ ఉన్న పిట్టకు ఇంతకన్నా పొదుపైన పేరు ఏ భాషలోనైనా దొరుకుతుందా?

ఆ పట్టికలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పొదల అడుగున ఆకులు కుళ్ళగించుకుంటూ దూరిపోయే ఒక ఎర్రపొట్ట పిట్ట పేరు పందిజిట్ట. ఎర్రకాలిజిట్ట అని మరొకటి. పొడుగు తోకతో చెట్ల నీడన మెరిసే పక్షి తోక పిగిలిపిట్ట. నెత్తిన నల్లని టోపీలాంటి జుట్టు ఉన్న పిగిలిపిట్ట తురక పిగిలిపిట్ట. మేసే పశువుల వెంట తిరిగే నల్లని ఏట్రింత పసుల పోలిగాడు. ఈ పేర్లు పెట్టినవాళ్ళు పక్షిని పంజరంలో కాదు, పనిలో ఉండగా చూసినవాళ్ళు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. జెర్డన్ తెలుగు పేర్లు ఎక్కువగా విన్నది నెల్లూరు ప్రాంతంలోనూ, తూర్పు కనుమల దారులలోనూ. ఆయన తరువాత వచ్చిన పుస్తకాలు వాటినే తీసుకుని ‘తెలుగు పేరు’ అని రాసుకుంటూ పోయాయి. కరీంనగరు పల్లెల్లో చిన్న పక్షి ఏదైనా పిట్టే. మా వైపు జిట్ట అన్న మాట నా చెవిన పడలేదు. ఒక జిల్లా మాట భాష మొత్తానికీ మాటగా అచ్చయింది. బెంగాలు పిట్ట జాతి మొత్తానికీ ప్రతినిధి అయినట్టే. పక్షికి ప్రాంతీయ భేదాలు ఉన్నాయని వెదికినవారు, పక్షి పేరుకు కూడా ప్రాంతీయ భేదాలు ఉంటాయన్న సంగతి మీద అంత శ్రద్ధ పెట్టలేదు.

పొరుగు భాషలలో ఈ పిట్ట పేర్లు వింటే ముచ్చటేస్తుంది. తమిళంలో మాంబళచ్చిట్టు, మామిడిపండు రంగు చిట్టి అన్నమాట. మరాఠీలో సుభగ్. హిందీలో శౌబీగీ. బెంగాలీలో ఫటిక్‌జల్, స్ఫటికం లాంటి నీరు అని అర్థం. ఆ సాగతీత ఈలలో దాహం వినిపించింది కాబోలు బెంగాలీలకు. తమిళుడు రంగు చూశాడు, బెంగాలీ గొంతు విన్నాడు. మలయాళంలో మాత్రం అయోరా అనే ఇంగ్లీషు పేరే స్థిరపడింది. మన పచ్చజిట్టకు కూడా అదే గతి పట్టేలా ఉన్నది.

జెర్డన్ రెండు జాతులు అనడానికి తిరిగి వస్తాను. ఆయన మంచి పరిశీలకుడు. మరి చిక్కు ఎక్కడ వచ్చింది? కొంత పక్షిలోనే ఉన్నది. ఐయోరా మగపిట్ట ఏడాది పొడుగునా నల్లగా ఉండదు. జతకట్టే కాలానికి ముందు ఈకలు మార్చుకుని నలుపు తొడుగుతుంది. ఆ కాలం గడిచాక మళ్ళీ ఈకలు రాల్చి ఆకుపచ్చబడుతుంది. చలికాలంలో మగపిట్టను ఆడపిట్ట నుంచి వేరుచేసేది ముఖ్యంగా రెక్కల, తోకల నలుపే. మన ప్రాంతంలో ఇది గూడు కట్టేది ప్రధానంగా నైరుతి వానల కాలంలో. అంటే నలుపు పూర్తిగా కనిపించేది దారులు బురదయ్యే రోజులలో, వాగులు పొంగే రోజులలో, మన్యపు జ్వరాలు ముసిరే రోజులలో.

మరి దొరలు అడవికి పోయేది ఎప్పుడు? చలికాలంలో. కలెక్టరు క్యాంపు, అడవి అధికారి తనిఖీ, సైనికుల వేట సెలవులు, అన్నీ నవంబరుకూ మార్చికీ నడుమ. మ్యూజియాల సొరుగులలో చేరిన దక్కను పక్షులలో చాలావరకు ఆ నెలలవే. కనుక నడిమి ప్రాంతపు ఐయోరాను చాలామంది దాని అసలు వేషంలో చూడనే లేదు. వీపు ఆకుపచ్చగా ఉంటే అది ఉత్తరాది జాతి కావడం వల్లనా, చలికాలపు దక్షిణాది పక్షి కావడం వల్లనా, ఇంకా ఈడు రాని మగపిల్ల కావడం వల్లనా? చీటీ మీద తేదీ లేకపోతే చెప్పడం కష్టం. తేదీ ఉన్నా, అదే అడవిలో వానాకాలపు పక్షి ఎలా ఉంటుందో తెలియకపోతే ప్రయోజనం తక్కువ. జాతుల చరిత్రను రుతువులు ఇంతగా వంచగలవని మామూలుగా మనకు తట్టదు.

ఈ చిక్కును విప్పడానికి కావలసినది ఒక మేధావి కాదు, వందల కొద్దీ పక్షులు: దేశం నలుమూలల నుంచి, అన్ని నెలలవీ. వాటిని కూడబెట్టినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూం. కాంగ్రెసు స్థాపకుడిగా మన పాఠ్యపుస్తకాలలో ఉన్న హ్యూమే. సిమ్లాలోని ఇంట్లో ఆయన పెట్టుకున్న పక్షుల సేకరణకు ఆసియాలో సాటి లేదు. 1872లో ‘స్ట్రే ఫెదర్స్’ అనే పత్రిక మొదలుపెట్టి, దేశమంతటా ఉన్న ఇంజనీర్ల చేత, పోలీసుల చేత, రైల్వే ఉద్యోగుల చేత ఉత్తరాలు రాయించాడు, పక్షులు పంపించుకున్నాడు. ఐయోరాల కుటుంబంలో తెల్లతోక ఉన్న మరొక జాతిని మార్షల్ అనే ఇంజనీరు అధికారి 1876లో వర్ణించినది ఆ పత్రికలోనే.

హ్యూం జీవితపు పెద్ద విషాదం కూడా పక్షులదే. భారతదేశపు పక్షుల మీద తాను రాయదలచిన మహాగ్రంథం కోసం ఏళ్ళ తరబడి పోగుచేసిన రాతప్రతులు 1883లో, ఆయన ఊళ్ళో లేని సమయాన, ఒక నౌకరు చేతిలో చిత్తుకాగితాలుగా సిమ్లా బజారుకు అమ్ముడుపోయాయి. ఏ పకోడీల పొట్లాలకు చుట్టారో! ఆ దెబ్బతో పక్షుల మీద ఆయన మనసు విరిగిపోయింది. 1885లో, కాంగ్రెసు తొలి సభ జరిగిన ఏడాదే, తన సేకరణ అంతటినీ బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎనభై రెండు వేల నమూనాలు. దేవదారు పెట్టెలలో సర్ది ఓడ ఎక్కించడానికి లండను నుంచి బౌడ్లర్ షార్ప్ స్వయంగా సిమ్లాకు వచ్చాడు.

ఆ పక్షులు లండనులో సొరుగులకెక్కిన తరువాత యూజీన్ ఓట్స్ వాటిని ఆధారం చేసుకుని ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షుల సంపుటాలు రాయడానికి పూనుకున్నాడు. 1889లో వచ్చిన మొదటి సంపుటంలో జెర్డన్ రెండు ఐయోరాలు ఒక్కటయ్యాయి. సింహళం నుంచి బెంగాలు దాకా పక్షులను వరుసగా పరిస్తే నలుపు ఎక్కడా ఒక్కసారిగా ఆగదు. మెల్లమెల్లగా పలచబడుతుంది. రెండు కొసలూ చూసినప్పుడు రెండు జాతులు. నడుమ కూడా చూసినప్పుడు ఒకే జాతి.

ఒకే జాతి అన్నంత మాత్రాన తేడాలు మాయం కావు కదా. ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశాబ్దాలలో మూడు మాటల శాస్త్రనామాల పద్ధతి స్థిరపడింది: జాతి పేరుకు వెనుక ఉపజాతి పేరు. అస్సాములో పోలీసు అధికారిగా పనిచేసిన స్టువర్ట్ బేకర్ అదే గ్రంథానికి రెండవ కూర్పు తయారుచేస్తూ, 1922లో మధ్యభారతపు ఐయోరాకు హ్యూం పేరు మీద ‘హ్యూమీ’ అని పేరు పెట్టాడు. గోదావరికి ఇవతలా అవతలా ఉన్న మన పచ్చజిట్టను ఈనాటికీ చాలా పుస్తకాలు ఈ పేరు కిందనే చూపిస్తాయి. కొండగట్టు పిట్టకు చివరకు ఒక పెట్టె దొరికింది. మిగతా పెట్టెల మీద స్పష్టమైన రూపవర్ణన ఉంటే, దీని మీద రాసి ఉన్నది ఇంచుమించుగా ‘నడిమిది’ అని. అది న్యాయమే అనుకుంటాను, కానీ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ గీత పోగలిగిన దారిలో ఒక పెద్ద ఖాళీ ఉండేది: నిజాం రాజ్యం. మద్రాసు రాష్ట్రంలో జెర్డన్ తిరిగాడు, మధ్యపరగణాలలో ఎందరో బ్రిటిష్ అధికారులు తిరిగారు. హైదరాబాదు సంస్థానంలో అలాంటి పని క్రమపద్ధతిలో ఎన్నడూ జరగలేదు. ఆ ఖాళీని పూరించినవాడు అప్పటికి ఉద్యోగం లేని ఒక ముప్ఫై అయిదేళ్ళ బొంబాయి మనిషి.

సలీం అలీ బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్-లెక్చరరుగా పనిచేస్తూ, సెలవు పెట్టి బెర్లిను వెళ్ళి, ఎర్విన్ స్ట్రేసెమాన్ దగ్గర శిక్షణ పొంది, 1930లో తిరిగి వచ్చాడు. వచ్చేసరికి ఉద్యోగం లేదు. నిధులు లేవని తీసేశారు. సంస్థానాలకు ఆయన పెట్టిన ప్రతిపాదన చిత్రమైనది: నాకు జీతం వద్దు, ప్రయాణపు ఖర్చులు, క్యాంపు ఖర్చులు భరించండి, మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేసి పెడతాను. మొదట ఒప్పుకున్నది నిజాం ప్రభుత్వం. 1931-32లలో ఆ సర్వే జరిగింది. భార్య తెహ్మీనా క్యాంపులలో వెంట ఉన్నది. తరువాతి దశాబ్దాలలో ఆయన తిరువాన్కూరు, కొచ్చిన్ మొదలైన చోట్ల చేసిన సర్వేలన్నిటికీ బీజం హైదరాబాదులోనే పడింది. ఈ సంగతి తెలుగునాట అంతగా ప్రచారంలో లేదు.

సేకరించిన పక్షులను పరిశీలించి ఉపజాతులను నిర్ణయించే పని హ్యూ విస్లర్‌ది. పంజాబులో పోలీసు ఉద్యోగం చేసి ఇంగ్లండులో స్థిరపడినవాడు. ఆయన చేతికి ఆ రోజులలోనే మరో సేకరణ కూడా వస్తూ ఉండినది: వెర్నే అనే ధనికుడి డబ్బుతో, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ 1929లో మొదలుపెట్టిన తూర్పు కనుమల సర్వే. పడమట నిజాం రాజ్యపు పక్షులు, తూర్పున కనుమల పక్షులు, రెండూ ఒకే బల్ల మీద. తెలుగునేల మొత్తం పక్షుల రూపంలో ఒకే మనిషి ముందు పరచి ఉన్నది ఆ కొద్ది సంవత్సరాలే అనవచ్చు. 1933-34లలో సొసైటీ పత్రికలో అయిదు భాగాలుగా వచ్చిన హైదరాబాదు నివేదికలో ప్రతి పక్షి కింద సలీం అలీ అడవిలో చూసినది ఒక పక్క, విస్లర్ బల్ల మీద కొలిచినది ఒక పక్క ఉంటాయి. ఒకరు గొంతు, గూడు, తిండి గురించి రాస్తే మరొకరు రెక్క పొడవు మిల్లీమీటర్లలో రాస్తారు. ఉపజాతుల గోలంటే సలీం అలీకి అంత ఆసక్తి లేదు. ఆయనకు బతికిన పక్షి కావాలి. విస్లర్‌కు కొలత కావాలి. పచ్చజిట్టలాంటి పక్షికి ఆ ఇద్దరూ అవసరమే.

ఇప్పుడు కాస్త పక్కకు పోతాను, అభ్యంతరం లేకపోతే. భద్రిరాజు కృష్ణమూర్తి గారి నేతృత్వంలో తయారైన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించింది. ఒకే పనిముట్టుకు ఏ జిల్లాలో ఏ పేరు ఉన్నదో చూపే పుస్తకం. దాన్ని తిరగేసినవారికి తెలుస్తుంది: ఒక మాట సరిహద్దు ఒక నది దగ్గర ఆగితే, మరో మాట ఆ నదిని దాటి రెండు జిల్లాలు పోతుంది. తెలంగాణ తెలుగు అని మనం ఒక పేరు పెడతాం, అది అబద్ధమూ కాదు. కానీ జగిత్యాలలో బయలుదేరి విజయవాడ దాకా ఊరూరా ఆగుతూ పోతే, భాష మారిన ఊరు ఇదీ అని చూపలేం. కొసలలో ఉన్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే మాత్రం తేడా మొదటి వాక్యంలోనే వినిపిస్తుంది.

ఐయోరా వీపు మీది నలుపూ అంతే. అది గోడ కాదు, వాలు. వాలు మీద పేర్లు పెట్టవచ్చు. ఎగువ, నడుమ, దిగువ అంటాం. ఎవరూ తప్పు పట్టరు. ‘ఎగువ ఎక్కడ ముగుస్తుంది’ అని అడిగితేనే పేచీ. ఉపజాతుల పట్టికలో గీతలు అటూ ఇటూ జరగడం, కొత్త పేర్లు చేరడం స్వాతంత్ర్యం తరువాత కూడా సాగింది. దాన్ని చూసి శాస్త్రజ్ఞులకు నిలకడ లేదని నవ్వేవారున్నారు. పక్షి అలాంటిది మరి.

అయితే ఉపజాతులన్నీ ఇలాంటి వాలులే అనుకుంటే పొరపాటు. గోడ లాంటివీ ఉన్నాయి. మంచి ఉదాహరణ మన నేల మీదే, విశాఖ కనుమలలో ఉన్నది. ఆబట్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్టను ఎడ్వర్డ్ బ్లైత్ 1845లో అరకాను నుంచి వచ్చిన నమూనాతో వర్ణించాడు. తేమ అడవుల పక్షి. నేపాలు తరాయి, అస్సాము మొదలుకొని మలయా, బోర్నియోల దాకా ఉంటుంది. పొదల అడుగున తప్ప తిరగదు. తూర్పు కనుమలలో ఉన్నదని ఎవరూ ఊహించలేదు. వెర్నే సర్వే ఆ కొండలలో తిరిగి కూడా దాన్ని పట్టుకోలేకపోయింది. చివరకు అది విశాఖ కనుమలలో బయటపడినప్పుడు, స్మిత్సోనియన్ సంస్థకు చెందిన డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ 1985లో దానికి ఉపజాతి హోదా ఇచ్చి, విశాఖపట్నం ప్రకృతి పరిశీలకులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు మీద ‘కృష్ణరాజుయి’ అన్నారు. ఆ కొండల పక్షుల మీద ఆ ముగ్గురూ కలిసి రాసిన వ్యాసం తరువాతి రెండు మూడేళ్ళలో బొంబాయి సొసైటీ పత్రికలో వచ్చింది.

ఇక్కడ నలుపు పలచబడే వరుస లేదు. ఈశాన్యంలోని బంధువులకూ దీనికీ నడుమ పెద్ద ఎడం. ఒకప్పుడు తేమ అడవి ఇక్కడి దాకా పరచుకుని ఉండి, వాతావరణం ఎండిన కొద్దీ వెనక్కు తగ్గిపోయిందని, కొండల ఎత్తున చల్లగా మిగిలిన తునకలలో ఇలాంటి పక్షులు చిక్కుకుపోయాయని పరిశోధకులు భావిస్తారు. కనుక ‘ఉపజాతి’ అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు చరిత్రలు దాగి ఉన్నాయి. విశాఖ కనుమల పిట్ట ఒక దీవి. ఆ తునక అడవిని కాఫీ తోటకో గనికో కొట్టేస్తే కృష్ణరాజుయి అన్న పేరు మాత్రమే మిగులుతుంది, తిరిగి వచ్చి చేరడానికి పొరుగున పిట్టలు లేవు. కొండగట్టు పచ్చజిట్టకు ఆ భయం లేదు. అడవి పలచబడినా ఊరి చింతలలో, పెరటి వేపలలో బతకగలదు. ఒక గుట్ట మీద పోయినా పక్క గుట్ట నుంచి వచ్చి చేరుతుంది. అది పోగొట్టుకోగలిగినది ఇంకొకటి: నడుమ ఉన్నదన్న నమోదు. వాలు మీది ప్రతి మెట్టులోనూ ఏ నెలలో ఏ రంగు అన్నది రాసి ఉంచకపోతే, మళ్ళీ కొసలే మిగులుతాయి.

ఈ పని ఇప్పుడు తుపాకీ లేకుండా జరుగుతుంది. విస్లర్‌కు ఒక మగపిట్ట రంగు తెలియాలంటే ఆ మగపిట్ట చావాలి. కెమెరాలో తేదీ దానంతట అదే పడుతుంది. అడవిలో ఏడాది పొడుగునా తిరిగేవారు ఇప్పుడు దొరలు కారు, మన పిల్లలే. అయితే వాళ్ళు పెట్టే పట్టికలలో పక్షి పేరూ సంఖ్యా ఉంటే చాలు. వీపు ఏ రంగన్నది రాయడం తప్పనిసరి కాదు. కామన్ ఐయోరా, రెండు. అంతే. అదీ ఇంగ్లీషు పేరుతోనే.

చూడదలచినవారికి కొన్ని గుర్తులు. జ్యేష్ఠం చివర తొలకరి పడిన తరువాత నుంచి భాద్రపదం దాకా మంచి కాలం. ఉదయం పూట, మెట్ల దారి రద్దీకి ఎడంగా, గుట్ట వెనుక వైపు తునికి, మోదుగు, బిల్లుడు చెట్ల మధ్య నిలబడితే ఈల వినిపిస్తుంది. ఒక్కటి పలికితే మరొకటి బదులు పలుకుతుంది. గూడు కొమ్మ చీలిన చోట, నేల నుంచి మరీ ఎత్తు లేకుండా, చిన్న కప్పులా ఉంటుంది. నున్నగా, బయట అంతా సాలెపట్టు చుట్టి, బెరడులో బెరడుగా. రెండో మూడో గుడ్లు. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. మగపిట్ట గూటిలో కూర్చున్నప్పుడు దాని వీపు పైకి ఉంటుంది, కనుక నలుపు ఎంతో అప్పుడే సరిగ్గా కనిపిస్తుంది. తల దాకానా, మెడ దాకానా, వీపు నడుమ దాకానా, పచ్చ ఎక్కడెక్కడ తొంగిచూస్తున్నది, ఆ రోజు తేదీ ఏమిటి. దగ్గరికి మరీ పోవద్దు. కోతులు మన చూపు పోయే వైపే చూస్తాయి, గుడ్లంటే వాటికి మహా ప్రీతి.